మూజువాణి మాటున...

అయిదేళ్లకోసారి ఇంటి ముంగిటకు వచ్చి చేతులు జోడించే పార్లమెంటు సభ్యుడిని ఓటరు ఒకే ఒక్క ప్రశ్న అడగదలచుకున్నాడనుకుందాం. ‘ఈ అయిదేళ్లలో మీరు ఏ బిల్లుకు అవునన్నారు, దేనికి కాదన్నారు?’ అన్నదే ఆ ప్రశ్న. సభ్యుడు ఎన్ని రోజులు సభకు హాజరయ్యాడో, ఎన్ని ప్రశ్నలు వేశాడో, ఎన్ని చర్చలలో పాల్గొన్నాడో చెప్పే లెక్కలు నేడు దొరుకుతున్నాయి. ఏ చట్టానికి తన ఓటు వేశాడన్న లెక్క మాత్రం చాలా సందర్భాలలో ఎక్కడా దొరకదు. శాసనకర్త ప్రథమ ధర్మం శాసనాలు చేయడం. ఆ ధర్మాన్ని అతడు ఎలా నెరవేర్చాడన్నదే రికార్డుకెక్కకపోవడం మన పార్లమెంటరీ వ్యవస్థలోని విడ్డూరం.

హాజరై ఓటు చేసిన సభ్యుల మెజారిటీతో సభ నిర్ణయాలు జరగాలని రాజ్యాంగం 100వ అధికరణం నిర్దేశించింది. ఆచరణలో జరుగుతున్నది వేరు. సభాపతి బిల్లును సభాభిప్రాయానికి పెడతారు. ‘అవును’ అనేవారి గొంతును, ‘కాదు’ అనేవారి గొంతును ఆలకించి, ఏది పైచేయి అయిందో ప్రకటిస్తారు. ఇదే మూజువాణి ఓటు. ఎవరి గొంతు ఎటు పలికిందో అధికారిక చర్చల ప్రతులలో కనిపించదు. ఎవరైనా సభాపతి నిర్ణయాన్ని సవాలు చేసి డివిజన్ కోరితేనే ఓట్లు పేరుపేరునా నమోదవుతాయి. ఆ కోరిక అనవసరమైనదని సభాపతి భావిస్తే, సభ్యులను లేచి నిలబడమని చెప్పి తలలు లెక్కించి ఫలితం ప్రకటించే వీలును లోక్‌సభ నియమావళిలోని 367వ నియమం కల్పిస్తోంది. అలా లెక్కించినప్పుడు పేర్లు నమోదు కావని ఆ నియమమే స్పష్టం చేస్తోంది.

తెలుగువారికి ఇది అనుభవంలోని సంగతే. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ బిల్లును 2014 ఫిబ్రవరి 18న లోక్‌సభ ఆమోదించింది మూజువాణి ఓటుతోనే. ఆ సమయంలో సభా కార్యక్రమాల ప్రత్యక్ష ప్రసారం సైతం నిలిచిపోయింది. రెండు రోజుల తరువాత రాజ్యసభ ఆమోదమూ అదే తీరున లభించింది. రాష్ట్రాన్ని కోరినవారికీ, సమైక్యతను వాంఛించినవారికీ ఆ బిల్లు జీవన్మరణ సమస్య. అంతటి బిల్లు తుది ఆమోదం పొందిన ఘడియలో తమ ప్రతినిధి గొంతు ఏమన్నదో అధికారిక పత్రంలో పేరుతో సహా చూపగల ఓటరు తెలుగునాట ఏ వైపునా లేడు. రాష్ట్ర విభజన జరిగింది గాని, ఆ బిల్లు ఆమోదంపై సభలో డివిజన్ జరగలేదు.

పార్టీల రంగు మారినా ఈ తంతు మారలేదు. 2020 సెప్టెంబరు 20న రాజ్యసభలో వ్యవసాయ బిల్లులపై ప్రతిపక్షాలు డివిజన్ కోరాయి. గందరగోళం నడుమ బిల్లులు మూజువాణి ఓటుతో గట్టెక్కాయి. మరునాడు ఎనిమిది మంది సభ్యులు సస్పెన్షన్‌కు గురయ్యారు. ఏడాదికి పైగా సాగిన రైతుల ఆందోళన అనంతరం 2021 నవంబరు 29న ఆ చట్టాల ఉపసంహరణ బిల్లు ఉభయ సభలలోనూ ఒక్కరోజులోనే, చర్చ లేకుండానే ఆమోదం పొందింది. అదీ మూజువాణి ఓటుతోనే. చట్టం చేసిననాడు గొంతే, రద్దు చేసిననాడూ గొంతే! 2023 డిసెంబరులో, ఉభయ సభలలో కలిపి 146 మంది ప్రతిపక్ష సభ్యులు సస్పెండైన సమావేశాలలోనే, భారత శిక్షాస్మృతి స్థానంలో కొత్త చట్టాన్ని తెచ్చిన బిల్లుతో సహా మూడు నేర న్యాయ బిల్లులూ ఇదే పద్ధతిలో నెగ్గాయి. తప్పయినా ఒప్పయినా తిలాపాపం తలా పిడికెడు అన్నట్లు సభ మొత్తం మీద పడిందే తప్ప, ఏ ఒక్క సభ్యుడి ఖాతాలోనూ జమ కాలేదు.

పేర్లు నమోదు చేయడం అసాధ్యమా అంటే అదీ కాదు. రాజ్యాంగ సవరణకు సభ మొత్తం సభ్యత్వంలో మెజారిటీ, హాజరై ఓటు చేసినవారిలో మూడింట రెండు వంతుల మద్దతు ఉండాలని 368వ అధికరణం విధించింది. అందువల్ల అక్కడ లెక్క తప్పనిసరి. 2023 సెప్టెంబరు 20న మహిళా రిజర్వేషన్ల బిల్లుకు లోక్‌సభలో 454 మంది అనుకూలంగా, ఇద్దరు వ్యతిరేకంగా ఓటు వేశారు. వ్యతిరేకించిన ఆ ఇద్దరిలో ఒకరు హైదరాబాద్ సభ్యుడన్న సంగతి దేశమంతటికీ తెలుసు. ఆయన వైఖరితో ఏకీభవించడమా మానడమా అన్నది ఓటరు ఇష్టం. ఆ ఇష్టాన్ని నిర్ణయించుకోవడానికి ఆధారం మాత్రం పదిలంగా ఉంది. సాధారణ బిల్లయిన వక్ఫ్ సవరణ బిల్లుపైనా 2025 ఏప్రిల్‌లో డివిజన్ జరిగింది. లోక్‌సభలో 288-232, రాజ్యసభలో 128-95 ఓట్లతో అది నెగ్గింది. అర్ధరాత్రి దాటినా ఓట్లు లెక్కించగలిగిన సభకు పట్టపగలు లెక్కించడం భారమేమీ కాదు.

ఒక్క ఓటు విలువ ఎంతటిదో 1999 ఏప్రిల్ 17న దేశం కళ్లారా చూసింది. వాజపేయి ప్రభుత్వం విశ్వాస తీర్మానంపై 269-270 ఓట్లతో ఓడిపోయింది. అప్పటి సభాపతి కోనసీమకు చెందిన జి.ఎం.సి.బాలయోగి. ఒరిస్సా ముఖ్యమంత్రి పదవి చేపట్టిన తరువాత కూడా లోక్‌సభ సభ్యుడిగా కొనసాగుతున్న గిరిధర్ గమాంగ్ వేసిన ఓటు, పార్టీ ఆదేశాన్ని కాదని సైఫుద్దీన్ సోజ్ వేసిన ఓటు నేటికీ చర్చనీయాంశాలే. పేర్లు నమోదైనందువల్లనే చరిత్ర వారిని ప్రశ్నించగలుగుతోంది, సమర్థించగలుగుతోంది.

ఓటుకు వెల కట్టిన ఉదంతాలూ లేకపోలేదు. 1993 జులై 28న పి.వి.నరసింహారావు ప్రభుత్వంపై వచ్చిన అవిశ్వాస తీర్మానం 251-265 ఓట్లతో వీగిపోయింది. ఆ ఓటింగులో ముడుపులు చేతులు మారాయన్న కేసు సుప్రీంకోర్టుకెక్కింది. లంచం పుచ్చుకున్నా, దానికి తగినట్లు సభలో ఓటు వేసిన సభ్యులకు 105వ అధికరణం కింద రక్షణ ఉంటుందని 1998లో న్యాయస్థానం తీర్పిచ్చింది. ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 2024 మార్చి 4న సీతా సోరెన్ కేసులో ఆ తీర్పును తోసిపుచ్చింది. సభ్యుడి ఓటు అతడి సొంత సొత్తు కాదని తేలింది. అది ఎవరి తరఫున వేసినదో వారికి దానిని తెలుసుకునే మార్గం ఉండడమే న్యాయం.

ఓటు లెక్క లేనిచోట మిగతా లెక్కలకే ప్రాముఖ్యం పెరిగింది. 2005లో ఢిల్లీలో ఏర్పడిన పీఆర్ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ వంటి సంస్థలు ఒక్కో సభ్యుడి హాజరును, ప్రశ్నలను, చర్చలను, ప్రైవేటు బిల్లులను అంకెలలో అందిస్తున్నాయి. ఎన్నికల వేళ పత్రికలన్నీ వాటినే ఆశ్రయిస్తున్నాయి. ఇది మెచ్చదగిన సేవే. అయితే ఆ అంకెల పరిమితులు గుర్తెరగాలి. దినసరి భత్యం హాజరు నమోదుతో ముడిపడి ఉంది. హాజరు వేసుకుని పది నిమిషాలలో వెళ్లిపోయినవారు, పొద్దుగూకే దాకా సభలో కూర్చున్నవారు ఆ లెక్కలో సమానమే. మంత్రులు హాజరు వేయవలసిన పని లేదు కనుక వారి లెక్కే ఉండదు.

ప్రశ్నల సంఖ్యా అంతే. డబ్బు తీసుకుని ప్రశ్నలు వేసినందుకు 2005 డిసెంబరు 23న లోక్‌సభ నుంచి పదిమంది, రాజ్యసభ నుంచి ఒకరు బహిష్కృతులయ్యారు. ప్రశ్నలు ఎక్కువగా ఉన్నంత మాత్రాన ప్రజాసేవ ఎక్కువని భావించడం పొరపాటని ఆ ఉదంతం చాటుతోంది. ప్రైవేటు సభ్యుల బిల్లుల సంగతి చెప్పనక్కరలేదు. స్వాతంత్ర్యానంతరం చట్టాలైనవి 14 మాత్రమే. 1970 తరువాత ఒక్కటీ లేదు. మరోవైపు, 1993లో 17తో మొదలై 24కు పెరిగిన శాఖల స్థాయీ సంఘాలలో బిల్లులను, పద్దులను శ్రద్ధగా పరిశీలించే సభ్యుడి శ్రమ తలుపుల వెనుకే ఉండిపోతోంది. కనిపించే పనికి మార్కులు, కనిపించని పనికి సున్నా అన్నట్లయింది పరిస్థితి.

17వ లోక్‌సభ రికార్డు ఈ లోపాన్ని మరింత స్పష్టం చేస్తోంది. 2019 నుంచి 2024 వరకు ఆ సభ సమావేశమైంది 274 రోజులే. పూర్తికాలం కొనసాగిన లోక్‌సభలలో ఇదే అత్యల్పం. బిల్లులలో 58 శాతం ప్రవేశపెట్టిన రెండు వారాలలోపే ఆమోదం పొందాయి. సంఘాల పరిశీలనకు వెళ్లినవి 16 శాతం మాత్రమే. లోక్‌సభలో 35 శాతం బిల్లులపై గంటకైనా చర్చ సాగలేదు. చర్చలో మాట్లాడే వ్యవధి దొరకని సభ్యుడికి తన అభిప్రాయాన్ని రికార్డు చేయడానికి మిగిలేది ఓటే. అదీ గొంతులో కలిసిపోతే ఇక అతడి ఉనికికి సాక్ష్యమేది?

పేర్లు నమోదైతే మాత్రం ఒరిగేదేమిటి, ఎలాగూ విప్ ప్రకారమే ఓటు వేస్తారు గదా అనే వాదన ఉంది. అందులో నిజం లేకపోలేదు. 1985లో 52వ సవరణతో రాజ్యాంగంలో చేరిన పదో షెడ్యూలు ప్రకారం పార్టీ ఆదేశాన్ని ధిక్కరించి ఓటు వేసినా, గైర్హాజరైనా సభ్యత్వం ఊడిపోతుంది. ఆయారాం గయారాం సంస్కృతిని అరికట్టడానికి ఉద్దేశించిన మందు ఇది. అవిశ్వాస తీర్మానానికీ, ఒక సాధారణ బిల్లులోని చిన్న క్లాజుకూ ఒకే మోతాదులో వాడడంతో రోగితో పాటు ఆరోగ్యవంతుడూ నీరసించాడు. విశ్వాస, అవిశ్వాస తీర్మానాలు, ధనబిల్లులు, రాష్ట్రపతి ప్రసంగానికి ధన్యవాద తీర్మానం వంటి సందర్భాలకే అనర్హతను పరిమితం చేయాలని దినేశ్ గోస్వామి సంఘం 1990లోనే సూచించింది. పదో షెడ్యూలును సమర్థిస్తూ 1992లో ఇచ్చిన కిహోటో హోలోహాన్ తీర్పులో సుప్రీంకోర్టు సైతం విప్ పరిధిని సంకుచితంగానే అన్వయించాలని పేర్కొంది. పాలకులు మారారు, ఆ సిఫారసు మాత్రం దుమ్ముకొట్టుకుపోయింది.

పొరుగుదేశం పాకిస్తాన్ రాజ్యాంగంలోని 63ఏ అధికరణం ప్రధాని ఎన్నిక, విశ్వాస పరీక్ష, ధనబిల్లు, రాజ్యాంగ సవరణలకే ఈ కట్టడిని పరిమితం చేసింది. బ్రిటిష్ కామన్స్ సభ 1836 నుంచి ఓట్ల జాబితాలను పేర్లతో ప్రచురిస్తోంది. 2019 సెప్టెంబరులో బ్రెగ్జిట్ వ్యవహారంలో ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేసిన 21 మంది కన్సర్వేటివ్ సభ్యులను పార్టీ దూరం చేసింది గాని, వారి స్థానాలు పోలేదు. అమెరికాలో హాజరైనవారిలో అయిదో వంతు మంది కోరితే చాలు, పేరుపేరునా ఓట్లను జర్నల్‌లో నమోదు చేయాలని రాజ్యాంగమే శాసించింది. వెస్ట్‌మినిస్టర్ నుంచి ఎన్నో అరువు తెచ్చుకున్న మనం ఈ సంప్రదాయాన్ని మాత్రం సగంలోనే వదిలేశాం.

ఓట్లన్నీ బహిరంగమైతే పార్టీ పెద్దల నిఘా మరింత బిగుసుకుంటుందన్న సందేహం కొట్టిపారేయదగినది కాదు. ఎదురు తిరిగినవారి జాబితా ఓటరు కంటె ముందు అధినేత బల్లపైకి చేరుతుంది. కాబట్టే రెండు సంస్కరణలూ జంటగా సాగాలి. ప్రభుత్వ మనుగడతో సంబంధం లేని బిల్లులపై విప్ ఉల్లంఘన అనర్హతకు దారితీయరాదు. అదే సమయంలో ప్రతి బిల్లూ తుది ఆమోద దశలో డివిజన్‌కు వెళ్లాలి. సభ్యుల ఎదుటే మీటలున్న ఈ రోజుల్లో అందుకు పట్టే కాలం కొన్ని నిమిషాలే. అంతవరకూ విప్ ఇచ్చిన పార్టీ ఆ సంగతిని బాహాటంగా ప్రకటిస్తే, నిర్ణయం సభ్యుడిదో అధినేతదో అయినా ప్రజలకు తెలుస్తుంది.

నమోదైన ఓట్లు సామాన్యుడికి అర్థమయ్యే తీరున అందడం మరో అవసరం. ఏ నియోజకవర్గ సభ్యుడు ఏ బిల్లుపై ఎటు నిలిచాడో సమావేశాలు ముగిసిన వెంటనే తెలుగుతో సహా ప్రాంతీయ భాషలలో ప్రకటించడం ఉభయ సభల సచివాలయాలకు మోయరాని భారం కాదు. పదో షెడ్యూలు రాష్ట్ర శాసనసభలకూ వర్తిస్తున్నప్పుడు, ఓటు నమోదు బాధ్యత వాటికీ వర్తించాలి.

ఓటరు ఓటు రహస్యం; అది అతడికి రక్షణ. ప్రతినిధి ఓటు బహిరంగం కావాలి; అది అతడి బాధ్యత. ఈ రెండూ తారుమారైన చోట ఎన్నికలు జరుగుతాయి గాని, జవాబుదారీతనం మిగలదు. మరోసారి చేతులు జోడించి గుమ్మం ముందు నిలిచే అభ్యర్థి చేతిలో హాజరు పట్టీతో పాటు ఓట్ల పట్టీ కూడా ఉండి తీరాలి. దానిని అడిగే హక్కు ఓటరుది. అడిగిననాడు చూపగలిగేలా నియమాలను సవరించుకోవలసిన కర్తవ్యం పార్లమెంటుది.