తాయత్తుకు పేరు, సూదికి నింద

మహారాష్ట్రలోని భివండి పద్మనగర్‌లో సాంచాల (మరమగ్గాల) చప్పుడు మధ్యే తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలీల సంసారాలు తరాలుగా సాగుతున్నాయి. అలాంటి ఒక ఇంట్లో పిల్లకు రెండు వారాలుగా సన్నజ్వరం, తలనొప్పి, వాంతులు అనుకోండి. పిలిస్తే పలకదు, ఊరికే ఏడుస్తుంది. "గాలి సోకినట్టుంది బిడ్డా, ఒకపారి చూపియ్యి" అంటుంది పక్కింటి అవ్వ. ఆమె చూపించమనేది డాక్టరుకు కాదు.

క్షయ క్రిమి మెదడు పొరలకు చేరితే ఇలాగే మొదలవుతుంది. పిల్లకు తెలివి ఉండగానే మందులు పడితే బతికే అవకాశం ఎక్కువ. స్పృహ తప్పాక పడితే బతికినా చూపో, వినికిడో పోవచ్చు. విభూతికీ దిష్టికీ ఖర్చయ్యేది సరిగ్గా ఆ విలువైన రోజులే.

ఆస్పత్రికి చేరాక ఇంకో భయం అడ్డొస్తుంది: వెన్నులో నీళ్ళు తీస్తే కాళ్ళు పడిపోతాయని. 1891లో జర్మన్ వైద్యుడు క్వింకె చూపిన పద్ధతి ఇది. వెన్నుపాము నడుము పైభాగంలోనే ముగుస్తుంది, సూది గుచ్చేది దానికి దిగువన. తీసేది కొద్ది మిల్లీలీటర్లే. ఒంట్లో ఆ నీరు రోజుకు సుమారు 500 మిల్లీలీటర్లు కొత్తగా ఊరుతుంది. అది పరీక్షిస్తేనే జబ్బు క్షయదా, వేరే బ్యాక్టీరియాదా, వైరస్‌దా అన్నది తేలేది. బ్యాక్టీరియాదైతే గంటల్లో యాంటీబయాటిక్ ఎక్కాలి, క్షయదైతే తొమ్మిది నెలల నుంచి ఏడాది దాకా మందులు మింగాలి.

సూది పడ్డాక కాళ్ళు పోయిన మనిషిని కళ్ళారా చూశామంటారు. చూసే ఉంటారు. ఆ కాళ్ళు తీసింది జబ్బు. వైరస్ వల్ల వచ్చే మెదడు పొరల వాపు (మెనింజైటిస్) చాలావరకు దానంతటదే తగ్గుతుంది, ఆ పేరు తాయత్తుకు దక్కుతుంది. ముందు జరిగిందే కారణమని నమ్మడంలోనే ఉంది పొరపాటంతా.

పుట్టగానే వేసే బీసీజీ పసిపిల్లలను ఈ క్షయ నుంచి చాలావరకు కాపాడుతుంది. పెంటావాలెంట్, న్యూమోకోకల్ టీకాలు మెనింజైటిస్ తెచ్చే మరో రెండు బ్యాక్టీరియాలను అడ్డుకుంటాయి. అన్నీ సర్కారు ఉచితంగానే వేస్తుంది.

ఇలాంటి మూఢనమ్మకాలపై పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో చంపేశారు. మూఢనమ్మకాలకు వ్యతిరేకంగా ఆయన ఏళ్ళ తరబడి అడిగిన చట్టం ఆ డిసెంబరులో మహారాష్ట్రలో వచ్చింది. కుక్కో పామో కరిస్తే, తేలు కుడితే వైద్యం ఆపి మంత్రం వేయడం దాని ప్రకారం నేరం. తగ్గని జ్వరం కూడా ఆ వరుసలో చేరాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.