కాల్చడానికి ఖర్చెక్కువ అన్నారు

వీధుల్లో దుమ్ము లేవకూడదనుకోవడం తప్ప టైమ్స్ బీచ్ చేసిన పాపం ఏమీ లేదు. అమెరికాలోని మిస్సోరి రాష్ట్రంలో, సెయింట్ లూయిస్ నగరానికి దగ్గర్లో, మెరమెక్ నది ఒడ్డున సుమారు 2,000 మంది ఉండే ఊరు అది. తారు రోడ్లకు డబ్బుల్లేక 1972 నుంచి 1976 దాకా మట్టి వీధుల మీద వాడేసిన నూనె చల్లించుకుంది. గ్యాలనుకు 6 సెంట్లు ఇచ్చి మరీ! ఆ నూనెలో డయాక్సిన్ అనే విషం ఉంది.

అదే రాష్ట్రంలోని వెరోనాలో నెపాకో అనే కంపెనీ హెక్సాక్లోరోఫిన్ తయారుచేసేది. సబ్బుల్లో కలిపే క్రిమినాశిని. దాని తయారీలో అడుగున మిగిలే మడ్డిలోదే ఈ విషం. పద్ధతిగా కాల్చేస్తే ఖర్చెక్కువని, లోడుకు 3,000 డాలర్లిచ్చి ఇంకో కంపెనీకి అంటగట్టింది. ఆ కంపెనీ లోడుకు 125 డాలర్లు పడేసి నూనె కాంట్రాక్టరుకు అంటగట్టింది. అతను తన నూనెలో కలిపేసి ఊళ్ల మీద చల్లాడు. ముగ్గురికీ గిట్టుబాటైంది.

దీన్ని ప్రమాదం అంటే నేను ఒప్పుకోను. టైమ్స్ బీచ్‌కు రాకముందే, 1971లో, అదే కాంట్రాక్టరు ఒక గుర్రపుశాలలో ఇదే చల్లాడు. పిచ్చుకలు రాలి పడ్డాయి. 60కి పైగా గుర్రాలు చచ్చిపోయాయి. అక్కడ ఆడుకున్న పసిపిల్ల ఆస్పత్రి పాలైంది. ఆ శాల యజమానురాలు ఊరుకోలేదు. ట్యాంకరు వెంటపడి తిరిగి, అతను ఎక్కడెక్కడ చల్లాడో జాబితా రాసి అధికారులకు పంపింది. ప్రభుత్వం చేయాల్సిన పని ఒక్క ఆడమనిషి చేసిందయ్యా! 1974లో ప్రభుత్వ శాస్త్రవేత్తలు ఆ శాల మట్టిలో ఉన్నది డయాక్సినేనని తేల్చారు. టైమ్స్ బీచ్ జనానికి కబురు అందింది 1982లో, అదీ ఒక విలేకరి ఫోన్ చేస్తే. నడుమ ఎనిమిదేళ్లు పిల్లలు ఆ వీధుల్లోనే ఆడుకున్నారు.

ఆ 1982 డిసెంబరులోనే మెరమెక్ పొంగి ఊరిని ముంచింది. బురద కడుక్కుంటున్న వాళ్లకు క్రిస్మస్‌కు రెండు రోజుల ముందు చెప్పారు, ఇక ఇక్కడ ఉండొద్దని. 1983లో ప్రభుత్వం 3 కోట్ల డాలర్లకు పైగా పెట్టి ఊరు మొత్తాన్నీ కొనేసింది. 1985కల్లా ఊరు రికార్డుల్లోంచి కూడా పోయింది.

అంత భయం అక్కర్లేదేమోనని, ఖాళీ చేయమన్న అధికారే 1991లో అన్నాడు. సరే, మోతాదు మీద ఎంతైనా వాదించుకోండి. చెప్పకుండా జనం గుమ్మాల ముందు పోయడానికి వీళ్లకు హక్కు ఎవరిచ్చారు? పైగా 1997లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఇదే డయాక్సిన్‌ను మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి జాబితాలో చేర్చింది.

చివరికి కాల్చక తప్పలేదు. 1996, 1997ల్లో ఆ ఊళ్లోనే కొలిమి కట్టి, మిస్సోరిలో విషం పడిన 27 చోట్ల మట్టిని తవ్వి తెచ్చి, 2,65,000 టన్నులు కాల్చారు. అప్పట్లో కాల్చాల్సింది కొన్ని లోడ్ల మడ్డి!

ఇప్పుడక్కడ రూట్ 66 పేరుతో పార్కు ఉంది. అందులో గడ్డి మొలిచిన పొడవాటి దిబ్బ ఒకటుంది. కూల్చిన ఇళ్లన్నీ దాని కిందే ఉన్నాయి. ఆ వీధుల్లో డయాక్సిన్ చల్లినందుకు ఎవరూ జైలుకు వెళ్లలేదు.