మర్యాద అంటే మెతకదనం కాదు

2012 నవంబర్ 29న వైట్ హౌస్‌లో ఒబామా, మిట్ రామ్నీ కలిసి భోజనం చేశారు. ఎన్నికలై అప్పటికి నెల కూడా కాలేదు. రామ్నీ టాక్స్ రిటర్నులు, బెయిన్ కంపెనీ వ్యవహారం, 47 శాతం వీడియో... ఒబామా మనుషులు ఏదీ వదిలిపెట్టలేదు. రామ్నీ వైపు వాళ్ళూ తక్కువ తినలేదు. చివరికి 332కి 206తో లెక్క తేలింది. ఓడిన రాత్రి బోస్టన్‌లో రామ్నీ, గెలిచినవాడు సఫలం కావాలని ప్రార్థిస్తానన్నాడు. గెలిచినవాడు ఇంటికి పిలిచి అన్నం పెట్టాడు.

"అంతా నాటకం" అన్నారు మన మిత్రులు కొందరు. నాటకమే అనుకుందాం. మన అసెంబ్లీలో ఆ నాటకం ఆడే ఓపిక కూడా ఎవరికీ లేదు కదా!

అంతకు నాలుగేళ్ళ ముందటి సంగతి ఇంకా గట్టిది. 2008 అక్టోబర్ 10న మిన్నెసోటాలోని లేక్‌విల్‌లో మెకెయిన్ సభ జరుగుతోంది. ఒక పెద్దావిడ మైకు పట్టుకుని ఒబామాను నమ్మలేనని, అతను అరబ్ అని అంది. మెకెయిన్ తల అడ్డంగా ఊపి మైకు తీసుకున్నాడు. కాదమ్మా, అతను మర్యాదస్థుడు, కుటుంబం ఉన్నవాడు, నాకూ అతనికీ విధానాల్లోనే తేడా అన్నాడు. అరబ్ అయితే మర్యాదస్థుడు కాడా అని తర్వాత కొందరు అడిగారు, అదీ న్యాయమైన ప్రశ్నే. కానీ నేను చూసేది ఇంకొకటి. అదే సభలో ఒబామాను మెచ్చుకున్నందుకు సొంత మనుషులే ఆయన్ని గేలి చేశారు. అక్కడ చప్పట్లు కొట్టించుకోవడం చాలా తేలిక, ఆ పెద్దావిడ మాటకు తలూపితే చాలు. ఆయన ఊపలేదు.

అమెరికా దేవతల దేశమని నేననడం లేదు. 2009 సెప్టెంబర్ 9న కాంగ్రెస్‌లో ప్రెసిడెంట్ మాట్లాడుతుంటే జో విల్సన్ "అబద్ధం ఆడుతున్నావు" అని అరిచాడు. వారం తిరగకుండా సభ 240-179 ఓట్లతో అతన్ని అభిశంసించింది. అయితే ఆ వారంలోనే అతనికి విరాళాలు కుప్పలు పడ్డాయి. తిట్టుకు ఇక్కడా గిరాకీ ఉంది. తేడా ఏమిటంటే, ఇక్కడ తిట్టినవాడి మీద సభ ఓటు వేసింది. మన దగ్గర తిట్టినవాడికి దండలు వేస్తారు.

ఇక అసలు విషయం. "మర్యాద చేసే కదా 1956లో మోసపోయాం" అంటారు మనోళ్ళు. ఈ మాటను నేను తేలిగ్గా తీసుకోను. ఆ ఏడు ఫిబ్రవరి 20న ఢిల్లీలో ఇటు నలుగురు, అటు నలుగురు కూర్చుని పెద్దమనుషుల ఒప్పందం రాసుకున్నారు. ముఖ్యమంత్రి ఆ ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి ఈ ప్రాంతం వాడు కావాలన్నారు. నవంబర్‌లో సంజీవరెడ్డి ముఖ్యమంత్రి అయ్యాడు, ఉపముఖ్యమంత్రి పదవే మాయమైంది. అది చేతికి ఆరో వేలు లాంటిదని ఆయన అన్నాడని మన పెద్దలు ఇప్పటికీ చెప్తారు.

ఇక్కడ రెండు విషయాలు చూడండి. ఒప్పందం చెడింది మనవాళ్ళు మెత్తగా మాట్లాడినందుకు కాదు, దానికి చట్టం పట్టు లేనందుకు. గట్టిగా ఉండాల్సింది కాగితం మీద. రెండోది, ఆ ఒప్పందంలోని షరతులు మనలో ఎంతమందికి గుర్తున్నాయి? ఆరో వేలు మాత్రం యాభై ఏళ్ళ తర్వాత కూడా గుర్తుంది. 2009లో నంద్యాలలో రాజశేఖరరెడ్డి అన్న వీసా మాట కూడా అంతే. వీసా మీద బతికే మనకు ఆ మాట ఎంత గుచ్చుకుందో వేరే చెప్పాలా? అవమానం ఎన్నాళ్ళు నిలుస్తుందో మనకంటే బాగా తెలిసినవాళ్ళు లేరు. మరి మనమే అదే పని చేస్తే ఎట్లా?

2011 ఫిబ్రవరి 17న అసెంబ్లీ ఆవరణలో లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ మీద చెయ్యి చేసుకున్నారు. ఆయన అభిప్రాయాలతో నాకు చాలా పేచీ ఉంది. కానీ ఆ రోజు టీవీలో మన నీళ్ళూ ఉద్యోగాల లెక్క ఎవరికీ కనబడలేదు, ఆ దెబ్బే కనబడింది. ఎవరికి లాభం అయింది?

ఈ మధ్య మా ఊళ్ళో తెలంగాణ సభ పెట్టుకున్నాం. నాతో పనిచేసే గుంటూరు మిత్రుడు కూడా వచ్చాడు. చిన్న రాష్ట్రాలు మంచివని నమ్మే మనిషి, ఖర్చులకు చందా కూడా ఇచ్చాడు. వక్త ఒకాయన నదీజలాల గురించి మొదలుపెట్టి, ఒక సీమాంధ్ర నాయకుడి ఇంటి ఆడవాళ్ళ మీదికి వెళ్ళాడు. హాలంతా నవ్వు. నా మిత్రుడు టీ కప్పు బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. నేను లేచి ఇది పద్ధతి కాదంటే, "అన్నా, నువ్వు సెటిలర్ల ఏజెంటువా?" అన్నాడొక తమ్ముడు. న్యూజెర్సీలో ఇల్లు కొనుక్కుని సెటిలైన తమ్ముడు!

తమ్ముడూ, ఒకసారి లెక్క చూద్దాం. రాజ్యాంగం మూడో అధికరణం ప్రకారం రాష్ట్రం ఇచ్చేది పార్లమెంటు. లోక్‌సభలో 543 సీట్లు. మనవి 17. ఆ 17 మందీ ఒక్కమాట మీద ఉన్నా, మిగతా ఓట్లు బీహారువాడో, తమిళుడో, మరాఠీవాడో వేయాల్సి ఉండేది. వాళ్ళకు ఆరో వేలు కథ తెలియదు. మన నోట్లోంచి వచ్చే మాటే మన ముఖం. రాష్ట్రం వచ్చాక కూడా కృష్ణ, గోదావరి మన మధ్య నుంచే పారతాయి. వాటాల కోసం ఆ మనుషుల ఎదురుగానే కూర్చోవాలి.

ఇంతకన్నా పెద్ద లొల్లి మనలో మనది. 2009 డిసెంబర్ 24న పార్టీలన్నీ కలిసి జేఏసీ పెట్టుకున్నప్పుడు ఎంత ధైర్యం వచ్చిందో గుర్తు చేసుకోండి. 2012కి వచ్చేసరికి కాంగ్రెస్ వాడికి టీఆర్ఎస్ వాడు ద్రోహి అయ్యాడు, టీడీపీ వాడు అందరికీ ద్రోహి అయ్యాడు. ద్రోహి అని ముద్ర వేసినవాణ్ణి రేపు ఓటు ఎట్లా అడుగుతాం?

2012 డిసెంబర్ 28న ఢిల్లీలో అఖిలపక్షం పెట్టారు. ప్రతి పార్టీనీ నిలదీద్దాం. అవునా కాదా, లేఖలో ఏం రాసిచ్చారు, ఎవరి సంతకంతో, ఏ తారీఖున? జవాబు తప్పించుకుంటే మళ్ళీ అడుగుదాం, నియోజకవర్గానికి వచ్చినప్పుడు అడుగుదాం, అమెరికా పర్యటనకు వచ్చినప్పుడు ఎయిర్‌పోర్టులోనే అడుగుదాం. వాళ్ళ ఇంటి ఆడవాళ్ళ ప్రస్తావన ఆ ప్రశ్నల్లో ఎక్కడా అక్కర్లేదు.

జై తెలంగాణ!