చించేసిన సగం కాగితం

ఏప్రిల్ చివర్లో పది ఫలితాలు వస్తాయి. ఆ సాయంత్రానికే ఊరి సెంటర్లో ఫ్లెక్సీ లేస్తుంది: నూటికి నూరు శాతం! పక్క ఊరి హెడ్మాస్టరు చేతికేమో మెమో వస్తుంది: శాతం ఎందుకు తగ్గిందో సంజాయిషీ ఇవ్వండి. పది నెలలు నడిచిన ఒక జిల్లా పరిషత్ హైస్కూలు మీద ప్రభుత్వం, పత్రికలు, మీరు, నేను కలిసి చెప్పే తీర్పు అంతటితో సరి.

దీన్ని మూల్యాంకనం అనకండి. ఇది మోసం.

బడి ఏం సాధించింది, బడికి ఏం కావాలి అన్న రెండు ప్రశ్నలూ ఒకే కాగితం మీద పక్కపక్కన ఉండాలి. మనం ఆ కాగితాన్ని నిలువునా చించేశాం. సాధించిన సగం కలెక్టరు బల్ల మీదికి వెళ్తుంది. కావలసిన సగం హెచ్ఎం గది బీరువాలో చెదలకు మేత అవుతుంది. లెక్కల మాస్టారే లేని బడినీ ముగ్గురున్న బడినీ ఒకే వరుసలో నిలబెట్టి ర్యాంకులు పంచేవాడికి ఎంత పెద్ద కుర్చీ అయినా ఉండనివ్వండి, చదువు గురించి నోరెత్తే అర్హత మాత్రం లేదు.

శాతమే ప్రమాణం అంటారా? సరే, ఆంధ్రప్రదేశ్ శాతాలే తీయండి. 2020లో కరోనా, పరీక్ష లేదు, అందరూ పాస్. 2021లోనూ అంతే. 2022లో 67.26. 2023లో 72.26. 2024లో 86.69. 2025లో 81.14. రెండేళ్లలో పందొమ్మిది శాతం పైగా ఎగబాకిందే, మన బడులు అంతలా బాగుపడ్డాయా? మరుసటి ఏడాది అయిదున్నర శాతం జారిందే, టీచర్లంతా మూకుమ్మడిగా పాఠం మరిచిపోయారా? పేపర్ల సంఖ్య మారింది, పుస్తకాలు మారాయి, వాటితోపాటే శాతమూ ఊగింది. అయిదుగురు పిల్లలున్న బడిలో ఒక్కడు తప్పితే ఇరవై శాతం గల్లంతు. ఆ అంకె పట్టుకుని మనుషుల పరువు తూస్తున్నారు.

2022లో ఒక్కరూ పాస్ కాని బడులు 71 అని గగ్గోలు పెట్టారు. ఆ పిల్లలెవరు? ఎనిమిదో తరగతి ముగియకుండానే ఇంటికి పంపేస్తే, తొమ్మిదో తరగతిలో సగం ఫోను ముందు, ఫోను లేని ఇళ్లలో పొలం గట్ల మీద గడిపినవాళ్లు. ఆ 71 బడుల్లో ఎన్ని పోస్టులు ఖాళీగా ఉన్నాయని అడిగిన శీర్షిక ఒక్కటీ నా కంటపడలేదు.

పోస్టుల సంగతి చెప్తాను, వినండి. 2018లో డీఎస్సీ నోటిఫికేషన్ వచ్చింది. 2024 ఫిబ్రవరిలో 6,100 పోస్టులకు మరొకటి వచ్చి రద్దయింది. చివరికి 16,347 పోస్టులకు పరీక్ష జరిగింది 2025 వేసవిలో. 2018లో నాలుగో తరగతి చదువుతున్న పిల్ల ఆ పరీక్ష జరిగేలోపే పది రాసేసి టీసీ తీసుకుని వెళ్లిపోయింది. ఆమె హైస్కూలు చదువంతా రెండు డీఎస్సీల మధ్య ఖాళీలోనే గడిచిపోయింది. ఇప్పుడు చెప్పండి, ఫెయిలైంది ఎవరు?

చట్టం లేదా అంటే, ఉంది. 2009 విద్యా హక్కు చట్టం 26వ సెక్షన్ ఖాళీలు పది శాతం మించకూడదంటుంది. జనగణన, విపత్తు సహాయం, ఎన్నికలు తప్ప టీచర్లకు మరే పనీ చెప్పకూడదని 27వ సెక్షన్. ఆ చట్టం అమల్లో ఉండగానే 2020 మేలో విశాఖ జిల్లాలో మద్యం దుకాణాల ముందు క్యూలు సరిచేయడానికి పంతుళ్లను నిలబెట్టారు. ఆ తర్వాత మరుగుదొడ్ల ఫోటోలు తీసి యాప్‌లో ఎక్కించే పని వాళ్ల మెడకు చుట్టారు. సారా కొట్టు ముందు కాపలా పెట్టిన చేతులే ఏడాది చివర్లో సంజాయిషీ అడుగుతాయి. సిగ్గుండాలి.

ఇంకా ఘోరం చెప్పనా? 21వ సెక్షన్ ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికీ కమిటీ ఉండాలి. అందులో ముప్పావు వంతు తల్లిదండ్రులు, సగం మంది ఆడవాళ్లు. ఆ కమిటీ కూర్చుని బడికి ఏం కావాలో అభివృద్ధి ప్రణాళిక రాయాలని 22వ సెక్షన్. నిజానికి జరిగేదేమిటి? కమిటీ ఎన్నికకు పార్టీలు దిగుతాయి, గేటు దగ్గర తోపులాట, పోలీసులు. గెలిచాక చైర్మన్ మళ్లీ బడి మొహం చూడడు. ఉపాధి పనికి వెళ్లే తల్లిని మధ్యలో పిలిచి, చదవకుండానే వేలిముద్ర వేయించుకుంటారు. పైగా ఆ చట్టం రక్షణ ఎనిమిదో తరగతి వరకే. ఏ పది పరీక్ష పేరు చెప్పి బడిని బోనెక్కిస్తున్నారో, ఆ తొమ్మిదీ పదీ తరగతులు చట్టం గడపకు అవతలే ఉన్నాయి.

డబ్బు? సమగ్ర శిక్షా లెక్కలో 250 మందికి మించిన బడికి, వెయ్యి మంది వరకూ, ఏడాదికి 75,000 రూపాయల గ్రాంటు. మూడు వందల మంది పిల్లలుంటే తలకు 250. సుద్దముక్కలు, రిజిస్టర్లు, చిన్నాచితకా మరమ్మతులు, అన్నీ అందులోనే. కనీసం పదో వంతు శుభ్రతకు ఖర్చుపెట్టాలి, అంటే నెలకు 625 రూపాయలు. ఆ డబ్బుతో మూడు వందల మంది వాడే దొడ్లు ఎన్ని రోజులు కడిగించగలరో మీ ఇంట్లో ఫినాయిల్ కొనేవాళ్లని అడగండి. పెద్దమనిషి అయిన పిల్ల నెలకు నాలుగు రోజులు బడి ఎందుకు మానుతుందో అప్పుడు తెలుస్తుంది. ఆ నాలుగు రోజులు ఏ ఫ్లెక్సీ మీదా కనపడవు.

టీచర్లను వెనకేసుకొస్తున్నానని కొందరు చంకలు గుద్దుకోవద్దు. శాతం కోసం మీరు చేసే పాపాలూ నాకు తెలుసు. వెనకబడిన పిల్లవాడి తండ్రిని తొమ్మిదో తరగతి చివర్లో పిలిపించి, ఓపెన్ స్కూల్లో కట్టించుకోమని తీయగా చెప్పేవాళ్లు మీలోనే ఉన్నారు. సంక్రాంతి దాటాక పుస్తకం మూసి బిట్లు బట్టీ పట్టించేది మీరే. ఆరో తరగతికి వచ్చినవాడు రెండో తరగతి వాచకం కూడబలుక్కోలేకపోతే ప్రాథమిక బడి మీదికి తోసేస్తారు. ఆ బడి తల్లిదండ్రుల మీదికి తోస్తుంది. వాడు మాత్రం అయిదేళ్లూ చివరి బెంచీలో అక్షరం రాకుండా కూర్చుంటాడు. ఇంత తెలిసీ మీ సంఘం బదిలీల మీద కట్టినంత టెంటు ఆ పిల్లవాడి చదువు మీద ఎన్నడైనా కట్టిందా?

ఇక పూర్వ విద్యార్థులు. పాతికేళ్లకోసారి కలుస్తారు, ఒకే రంగు చొక్కాలు, శాలువాలు, బిర్యానీ, డ్రోన్ కెమెరా. ముసలి మాస్టారి కాళ్లు కడుగుతారు. వెళ్తూ వెళ్తూ పేర్లు చెక్కించిన బీరువా ఒకటి ఇస్తారు. సైన్సు ల్యాబు తాళం తీసి ఎన్నాళ్లయిందని ఒక్కరైనా అడిగారా? మీ పిల్లలు కార్పొరేట్ బడిలో, మీ కన్నీళ్లు జడ్పీ బడిలో. అక్కర్లేదు ఆ కన్నీళ్లు.

బడిని నిజంగా లెక్కగట్టాలంటే ఆరులో చేరినప్పుడు ఎంతమంది చదవగలిగారు, పదిలో ఎంతమంది చదవగలుగుతున్నారు, మధ్యలో మాయమైన ఆడపిల్లలు ఎక్కడున్నారు, గత ఏడాది పాసైనవాళ్లలో ఇప్పుడు ఎందరు చదువుతున్నారు అని అడగాలి. ప్రతి జవాబు పక్కనా ఆ బడి ఏమడిగింది, ఎవరు ఇవ్వలేదు అని రాయాలి. ఇవ్వనివాడి హోదాతో సహా.

జూన్ 12న బడులు తెరుస్తారు. మీ ఊరి హైస్కూలుకు వెళ్లి, గత ఏడాది ఏమేం కావాలని రాశారో ఆ కాగితం చూపించమనండి. చూపించకపోతే సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. నేను మా బడికి వెళ్తున్నాను. మా ఎమ్మెల్యే ఆ రోజు బడిబాటకు వస్తున్నాడట. వచ్చాడా, మైకు అందుకునేలోపే ఆ కాగితం ఆయన చేతిలో పెడతాను.