కలము వెనుక కత్తి

హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలో నూర్జహాన్ పండ్లకత్తిగా చూపబడే చిన్న కత్తి యెదుట నిలిచినపుడు మనలో పలువురికి ముందుగా స్ఫురించేది పోరాటమే గాని పండు కాదు. కత్తి అనగానే ఆయుధమని తలచుట మనకు అలవాటై పోయినది. ఈ అలవాటు వలన ఎంతటి చరిత్రను పోగొట్టుకొనుచున్నామో విద్యార్థి లోకము ఒకసారి ఆలోచించవలెనని మా కోరిక.

ఉర్దూ లేఖకుని పెట్టెలో సిరాబుడ్డి ప్రక్కన ‘కలంతరాష్’ ఉండెడిది. కలమును చెక్కునది అని దాని అర్థము. ఆ సన్నని కత్తితో రెల్లుపుల్లను ఏటవాలుగా చెక్కి, కొన నడుమ చీలిక పెట్టి, ఎముకతోనో దంతముతోనో చేసిన చిన్న పలకపై ఆనించి ఒక్క వేటున కొన కత్తిరించెడివారు. నస్తాలీఖ్ లిపిలో అక్షర ప్రమాణమునకు కొలత ఆ కలము పెట్టు చుక్కయే. కత్తి మొద్దుబారినచో కొన చెడును. కొన చెడినచో అక్షరము చెడును.

తెలుగు లేఖకుని కథయు ఇట్టిదే. తాటాకు అంచులను సరిచేయుటకు కత్తి, అక్షరములు గీయుటకు గంటము కావలెను. ఈ రెంటినీ ఒకే పిడిలో మడిచిపెట్టుకొను పనిముట్లు కూడ దక్షిణదేశమున ఉండెడివి. ఇంగ్లీషువారి ‘పెన్‌నైఫ్’ సైతము ఈకకలమును చెక్కుటకు పుట్టినదే. ఉక్కుపాళీ వచ్చి ఆ పని పోయినను పేరు మాత్రము నిలిచినది.

మన యిండ్లలో పేరు కూడ నిలువలేదు. 1981లో నూరీ నస్తాలీఖ్ కంప్యూటరు అక్షరములు ఉర్దూ పత్రికలలో ప్రవేశించిన పిదప కాతిబుల పని క్రమముగా సన్నగిల్లినది. తాతగారి పెట్టెలోని కత్తి పాత ఇనుముగా తూకమునకు పోవుచున్నది. లేదా ‘ఇది దేనికి దాచినారు?’ అను అనుమానమునకు గురియగుచున్నది. అక్షరమునకు సేవచేసిన పనిముట్టుకు ఇంతకన్న అన్యాయము కలదా?

ప్రాత వస్తువులన్నిటినీ పూజింపుమని మేము చెప్పుట లేదు. పదును గల వస్తువులను విద్యార్థులు కళాశాలకు తేవలెననియు కోరుట లేదు. కళాశాల కమిటీవారు గ్రంథాలయమున తాళముగల ఒక అద్దాల బీరువా కేటాయించి, పెద్దల నుండి కలంతరాషులను, గంటములను సేకరించి, ప్రతిదాని ప్రక్క దాని పేరును, పనిని ఉర్దూ, తెలుగు భాషలు రెంటిలోను వ్రాయించవలెనని మా విన్నపము. విద్యార్థులు తమ వంతుగా ఇంటి పెద్దలను అడిగి ఆ వివరములు వ్రాసికొనవలెను. చెప్పగలవారు ఉండగానే అడుగుట మంచిది.

రెండు భాషలలో చదువుకొను మనకు ఈ చిన్న కత్తులు ఒక్క మాట చెప్పుచున్నవి: మన లిపులు వేరైనను, వాటి వెనుక చెక్కిన చేతుల శ్రమ ఒక్కటే.