ట్యూబు చవక, డాక్టరు దూరం

మందుల షాపులో మనిషి మన ముఖంకేసి రెండు క్షణాలు చూస్తాడు. వెనక అరలోంచి ఒక ట్యూబు తీసి చేతిలో పెడతాడు. ఎన్నాళ్ళ నుంచి అని అడగడు, ఇంకేం మందులు వాడుతున్నావని అడగడు, కడుపుతో ఉన్నావా అని అసలే అడగడు. డబ్బులు తీసుకుంటాడు. దాంతో వైద్యం అయిపోతుంది. నేను అలాంటి ట్యూబు పదకొండు నెలలు వాడాను. చర్మం గురించి హక్కుల పత్రికలో రాయడమేమిటని అడగబోయేవాళ్ళకు ముందుగా ఆ సంగతే చెబుతున్నాను.

రెండో కాన్పు తర్వాత నా బుగ్గల మీద మంగు వచ్చింది. మంగు నొప్పి పెట్టదు, దురద పెట్టదు. పెట్టేదల్లా మనుషులే. "ఏమిటే అలా నల్లబడిపోయావు" అని పెళ్ళిళ్ళలో, "ఒంట్లో బాగాలేదా" అని ఆఫీసులో. మా ఆడపడుచు తను వాడే క్రీము పేరు చీటీ మీద రాసిచ్చింది. ఆమెకు ఎదురింటావిడ చెప్పిందట, ఆవిడకు ఎవరు చెప్పారో తెలీదు. రాసిన పదిహేను రోజులకే ముఖం తేటపడింది. అందరూ మెచ్చుకున్నారు. ఆరో నెలకల్లా ఎండలోకి వెళితే మంట, పొయ్యి దగ్గర నిలబడితే మంట. బుగ్గల మీద సన్నటి ఎర్రని నరాలు తేలాయి, గడ్డం మీద నూగు దట్టమైంది, పాతికేళ్ళప్పుడు కూడా రాని మొటిమలు వచ్చాయి. మానేస్తే మూడో రోజుకి ముఖం కందిపోయి ఉబ్బేది. మళ్ళీ రాస్తే తగ్గేది. సారాకి బానిసైనవాళ్ళను చూసి జాలిపడ్డ నేను ఒక క్రీముకి బానిసయ్యానని అర్థం కావడానికి ఇంకో ఐదు నెలలు పట్టింది.

అందులో ఉన్నది స్టెరాయిడ్. అది చెడ్డ మందు కాదు. ఎగ్జిమాకి, సోరియాసిస్‌కి డాక్టరు ఏ బలంలో, ఒంట్లో ఏ భాగానికి, ఎన్ని రోజులో చెప్పి వాడిస్తే ప్రాణం లేచొచ్చేలా చేసే మందు. రక్తనాళాలను బిగించి, ఎరుపునీ దురదనీ అణచిపెట్టడం దాని పని. అందుకే మొదట్లో తెల్లగా, నున్నగా కనిపిస్తుంది. పలుచని ముఖ చర్మం మీద నెలల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడుతుంది. కంటి చుట్టూ రాస్తూ పోతే శుక్లాలు, నీటికాసులు కూడా రావచ్చు. ఇలా పాడైన ముఖాలు మన దేశంలో ఎన్ని వస్తున్నాయంటే చర్మవ్యాధి నిపుణులు దీనికి 'టాపికల్ స్టెరాయిడ్ డ్యామేజ్డ్ ఫేస్' అని ఒక పేరే పెట్టుకోవలసి వచ్చింది.

మరి చట్టం లేదా? ఉంది. డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందుల జాబితాను షెడ్యూల్ హెచ్ అంటారు. అందులో స్టెరాయిడ్లు ఉన్నా, పైన పూసే మందులకు చాలాకాలం మినహాయింపు ఉండేది. చర్మవ్యాధి నిపుణులు ఎన్నో ఏళ్ళు పోరాడితే 2018 మార్చిలో కేంద్రం 14 రకాల పూత స్టెరాయిడ్లకు ఆ మినహాయింపు తీసేసింది. అదే ఏడాది సెప్టెంబరులో నిషేధించిన 328 మిశ్రమ మందుల్లో స్టెరాయిడ్, ఫంగస్ మందు, యాంటిబయాటిక్ అన్నీ కలిపిన క్రీములు కొన్ని ఉన్నాయి. గజెట్‌లో అచ్చయింది. మా వీధి షాపులో మాత్రం చీటీ అడిగినవాడిని నేను ఇంతవరకూ చూడలేదు.

తెల్లతోలు ప్రకటనల మీద మహిళా సంఘాలు గట్టిగానే పోరాడాయి. ఐద్వా 2002, 2003లలో చేసిన ఆందోళనకు కొన్ని టీవీ ప్రకటనలు ఆగిపోయాయి. 1975లో వచ్చిన 'ఫెయిర్ అండ్ లవ్లీ' 2020లో పేరు మార్చుకుని 'గ్లో అండ్ లవ్లీ' అయింది. సంతోషమే. కానీ ఈ ట్యూబుకి హీరోయిన్ లేదు, హోర్డింగు లేదు. దీన్ని ఆడవాళ్ళే ఒకరికొకరు చేరవేసుకుంటారు, ప్రేమతోనే. మన పోస్టర్లు దీన్ని ముట్టుకోలేకపోయాయి.

"రాసుకుంది మీరే కదా, మీ అందం పిచ్చికి ఎవరేం చేస్తారు?" అని మా బంధువు ఒకాయన అన్నాడు. ఆయన కొడుక్కి చూసిన ఏడు సంబంధాల్లో నాలుగు 'రంగు తక్కువ' అని వదిలేసుకున్నాడు. అది పిచ్చి కాదు కాబోలు, కుటుంబ మర్యాద! మంగు ఎందుకొస్తుందో కూడా చూడండి. గర్భం, గర్భనిరోధక మాత్రలు, ఎండ. పిల్లల్ని కనమన్నదీ, కనకుండా మాత్ర మింగమన్నదీ మనల్నే. ఆ మచ్చ ముఖం మీద తేలితే మాత్రం అది మన సొంత తప్పు.

ఇంతకన్నా కోపం తెప్పించిన విమర్శ మన సంఘాల్లోంచే వచ్చింది. "ఇది మధ్యతరగతి సమస్య" అని ఒక మిత్రురాలు తేల్చేసింది. ఆమెకి నేను మా వీధిలో నాలుగిళ్ళలో అంట్లు తోమే ఒకామె నడుము చూపిస్తాను. లంగా బొందు కట్టే చోట చుట్టూ తామర. అక్కడి నుంచి తొడలకి, రొమ్ముల కిందికి పాకింది. ఆమె కూడా షాపులో ట్యూబే కొంది. రాయగానే దురద ఆగింది, ఆగిందని సంబరపడింది. స్టెరాయిడ్ దురదను ఆపుతుంది గాని ఫంగస్‌ని చంపదు. ఒంటి ప్రతిఘటనను పడుకోబెట్టి దానికి దారి ఇస్తుంది. ఉంగరంలా ఉండాల్సిన మచ్చ ఆకారమే మారిపోయి, డాక్టరు కూడా వెంటనే గుర్తుపట్టడం కష్టమవుతుంది. మన దేశంలో కొన్నేళ్ళుగా మామూలు టెర్బినఫిన్ మాత్రలకు కూడా లొంగని తామర ప్రబలింది. ఆ ఫంగస్‌కి 2020లో పెట్టిన శాస్త్రీయ నామం 'ట్రైకోఫైటాన్ ఇండోటినియే'. మన దేశం పేరు అందులో ఉంది, గర్వపడదాం!

తామర తగ్గాలంటే వారాల తరబడి సరైన మందు వాడాలి, ఇంట్లో ఉన్నవాళ్ళందరికీ ఒకేసారి వైద్యం జరగాలి, బట్టలు పొడిగా ఉండాలి, తువ్వాలు ఎవరిది వారికే ఉండాలి. ఇప్పుడు చెప్పండి, మన లోదుస్తులు ఎక్కడ ఆరేస్తున్నాం? దండెం చివర, చీర కింద దాచి, ఎండ తగలని మూల. మగవాళ్ళ బనీన్లు మాత్రం నడివాకిట్లో జెండాల్లా ఎగురుతుంటాయి. ఆ సిగ్గు మనకి నేర్పినవాళ్ళు దాని వెంట వచ్చే తామరకి కూడా బాధ్యులే.

పని వల్ల వచ్చేవి వేరే. రోజంతా నీళ్ళలో, సబ్బులో నానే వేళ్ళకి గోరుచుట్టు, బురదలో నాట్లు వేసే కాళ్ళ సందుల్లో ఒరుపు. అలంకారం వల్ల వచ్చేవి మరొకటి. స్టిక్కర్ బొట్టు జిగురులోని రసాయనం వల్ల నుదుట తెల్లమచ్చ పడుతుంది. దాన్ని బొల్లి అనుకుని, కనబడకుండా ఇంకాస్త పెద్ద స్టిక్కర్ పెట్టుకునేవాళ్ళను నేనెరుగుదును.

"అయితే డాక్టరు దగ్గరికి వెళ్ళండి" అంటారు. వెళ్దాం. మండలంలో ఉన్న ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో చర్మ నిపుణులు ఉండరు. పట్నంలో ప్రైవేటు క్లినిక్కుల ముందు లేజర్ల బొమ్మలు, పెళ్ళికూతురి ప్యాకేజీలు. గజ్జి, తామర అక్కడికి అంటరానివి. మిగిలింది పెద్దాసుపత్రి. అక్కడ బోర్డు మీద ఏముంటుంది? 'చర్మ, సుఖవ్యాధుల విభాగం'. మన దేశంలో ఈ వైద్యుల చదువు చర్మం, సుఖవ్యాధులు, కుష్ఠు మూడూ కలిపే ఉంటుంది. వైద్యానికి అందులో తర్కం ఉండొచ్చు. కానీ ఆ బోర్డు కింద వరసలో నిలబడ్డ ఆడమనిషిని చూసి ఊరు ఏమనుకుంటుంది? నేను వెళ్ళిన రోజున నా ముందు నిలబడ్డ అమ్మాయి చున్నీ కళ్ళదాకా లాక్కుంది. వెనకావిడ నన్ను రెండుసార్లు అడిగింది, "ఇది చర్మానిదేనా అమ్మా, రెండోదానిది కాదు కదా?" అని. పరీక్ష చేసే బల్లకి తెర లేదు. నడుము, తొడలు చూపించాలంటే గదిలో ఉన్న నలుగురు విద్యార్థుల ముందే.

అయినా వెళ్ళినందుకు నేను బాగుపడ్డాను. లేడీ డాక్టరు నేను వాడిన ట్యూబు తీసుకుని వెనక్కి తిప్పి చదివింది. ఎన్నాళ్ళు, రోజుకి ఎన్నిసార్లు, గర్భనిరోధక మాత్రలు వాడుతున్నానా, అన్నీ అడిగింది. మానేశాక ముఖం కొన్ని వారాలు బాగా మండుతుందని, భయపడి మళ్ళీ రాయొద్దని ముందే చెప్పింది. మంటకి మందులు, తేమకి ఒక క్రీము రాసిచ్చింది. ఎండకి గొడుగు, సన్‌స్క్రీన్ అంది. "మంగు తగ్గుతుందమ్మా, మళ్ళీ రావచ్చు కూడా. పూర్తిగా పోగొడతానని ఎవరన్నా నమ్మొద్దు" అంది. పది నిమిషాలు. నాకు పదకొండు నెలల ముందు దక్కాల్సిన పది నిమిషాలు అవి. సన్‌స్క్రీన్ ఆసుపత్రిలో ఇవ్వరు, బయట కొనుక్కోవాలి. పొలంలో పనిచేసే మంగు మనిషికి ఆ మాట ఎలా చెబుతారో నేను అడగలేదు.

చర్మాన్ని చూసి మనిషికి విలువ కట్టడం చట్టంలోనూ ఉండేది. కుష్ఠు విడాకులకు ఒక కారణంగా మన వివాహ చట్టాల్లో 2019 దాకా కొనసాగింది. మందుతో పూర్తిగా నయమయ్యే జబ్బు, ఆ మందు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తుంది, అయినా అన్నేళ్ళు పట్టింది. బొల్లి అంటువ్యాధి కాదని ఎన్నిసార్లు చెప్పినా పెళ్ళిచూపుల్లో మోచేతులు చూపించమనే పెద్దమనుషులు ఉన్నారు.

మనం అడగాల్సింది పెద్దదేమీ కాదు. ప్రతి ఏరియా ఆసుపత్రిలో వారానికి కనీసం ఒక రోజు చర్మ నిపుణులు కూర్చోవాలి, వీలైనచోట స్త్రీ డాక్టరు. పరీక్ష బల్లకి తెర ఉండాలి. బోర్డు మార్చడానికి బడ్జెట్టు కూడా అక్కర్లేదు, ఒక పెయింటరు చాలు. చీటీ లేకుండా స్టెరాయిడ్ అమ్మే షాపుల మీద డ్రగ్ ఇన్‌స్పెక్టరు చర్య తీసుకోవాలి. అలవాటైపోయిన ముఖాల సంగతి ఆలోచించకుండా ఒక్కసారిగా ట్యూబులు ఆపేస్తే మనలాంటివాళ్ళు మంటతో ఏ నకిలీ వైద్యుడి దగ్గరికో పరుగెత్తుతారు. కాబట్టి డాక్టరు, అదుపు రెండూ కలిసి రావాలి.

మా సంఘం వచ్చే సమావేశానికి అందరినీ ఇంట్లో ఉన్న ట్యూబులు తెమ్మన్నాం. అట్టపెట్టెతో సహా తెండి. దాని మీద బీటామెథాసోన్, క్లోబెటసాల్, మోమెటాసోన్ అన్న పేర్లు ఉన్నాయేమో అందరం కలిసి చదువుదాం. చాలాకాలంగా రాస్తున్నవాళ్ళు భయపడి ఆ రోజే మానేయకండి, ఎవరెవరు ఎంతకాలంగా వాడుతున్నారో రాసుకుని ఆ మంగళవారమే పెద్దాసుపత్రికి కలిసి వెళ్దాం. వరసలో పదిహేనుమందిమి ఉంటే చున్నీ లాక్కోవాల్సిన పని ఉండదు.