అభిమానం దెబ్బతిన్న రోజు

తెలుగులో 'అభిమానం' అనే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒకటి, ఎదుటివాళ్ల మీద మనకుండే ప్రేమ. రెండోది, మన మీద మనకుండే గౌరవం. 'ఆ హీరో అంటే నాకు అభిమానం' అంటే మొదటిది. 'నా అభిమానం దెబ్బతింది' అంటే రెండోది. దుర్యోధనుణ్ని అభిమానధనుడు అన్నది ఈ రెండో అర్థంలోనే. ఆయన ఎవరికీ కటౌట్లు కట్టిన దాఖలా లేదు! బొత్తిగా సంబంధం లేని ఈ రెండర్థాలూ ఒకే మాటలో ఎలా కుదిరాయని ఎవరికైనా సందేహం వస్తే, సినిమా పిచ్చో క్రికెట్ పిచ్చో ఉన్న ఇంట్లో నాలుగు రోజులు ఉండి చూడమంటాను. సందేహం తీరిపోతుంది.

నాకైతే అలాంటి ఇళ్లు రెండున్నాయి. పుట్టిల్లు తాండూరు, మెట్టినిల్లు వికారాబాద్. మధ్యలో రైలు దూరం 40 కిలోమీటర్లు. పుట్టింట్లో అందరిదీ క్రికెట్ మతం. మెట్టినింట్లో సినిమా మతం. పెళ్లిచూపుల్లో జాతకాలు చూశారు, గోత్రాలు అడిగారు గానీ, ఈ సంగతి ఎవరూ విచారించలేదు.

తాండూరు అంటే బయటివాళ్లకి నాపరాళ్లు, కందిపప్పు. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. నాకు మాత్రం తాండూరు అనగానే గుర్తొచ్చేది మా నాయిన రేడియో. నాయిన ఒక బండల పాలిషింగ్ యూనిట్లో లెక్కలు రాసేవాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి తలా, మీసాలూ తెల్లటి దుమ్ముతో నిండి, పాతికేళ్ల వయసు మీద పడినట్టుండేది. రేడియో సెల్లులు అయిపోతే పారేసే అలవాటు మా ఇంట్లో లేదు. ఎండలో నాపరాయి మీద వరసగా పెడితే మరో రెండు సెషన్లు లాగేవి. మా ఊళ్లో తెలుగూ, ఉర్దూ, కన్నడమూ కలిసే వినిపిస్తాయి కాబట్టి హిందీ కామెంట్రీకి భాష అడ్డం కాలేదు. సుశీల్ దోషి గొంతు పైకి లేచిందంటే ఫోరో, వికెట్టో పడిందని వంటింట్లో ఉన్న అమ్మకి కూడా తెలిసిపోయేది. 1983 జూన్ 25 రాత్రి, మనవాళ్లు 183కే ఆలౌటైనా వెస్టిండీస్‌ను 140కి కూల్చినప్పుడు నాకు తొమ్మిదేళ్లు. 'ఆడపిల్లకు గా కామెంట్రీ ఎందుకురా, పండుకోబెట్టక' అని అవ్వ గొణుగుతూనే ఉంది. నాయిన మాత్రం రేడియోని నావైపు ఇంకాస్త జరిపాడు. పెద్దగా మాటలాడే మనిషి కాదు. మా ఇద్దరి మధ్య ప్రేమ, ఆప్యాయత, మంచీచెడూ అన్నీ కలిపి ఒక్క మాటే: 'స్కోరెంత?'

ఏడాదిన్నర తిరిగేసరికి మా ఇంటికి దేవుడొచ్చాడు. హైదరాబాద్ పిల్లవాడు, ఆల్ సెయింట్స్ స్కూల్లో చదివినవాడు, మహమ్మద్ అజహరుద్దీన్. ఇంగ్లండ్ మీద మొదటి మూడు టెస్టుల్లో మూడు సెంచరీలు: కలకత్తాలో 110, మద్రాసులో 105, కాన్పూర్‌లో 122. అంతవరకూ ప్రపంచంలో ఎవరికీ చేతకాని పని. నాయిన పత్రికలోంచి అజహర్ బొమ్మ కత్తిరించి, అన్నం మెతుకులతో గోడకి అంటించాడు. 1988 డిసెంబర్లో న్యూజిలాండ్‌తో టెస్టుకి రెండు రోజులు సెలవు పెట్టి ఎల్బీ స్టేడియానికి వెళ్లొచ్చాడు. వచ్చాక వారం రోజులపాటు, చేతిలో ఏది ఉంటే దాన్ని, గొడుగైనా సరే, కొలతబద్దైనా సరే, మణికట్టు తిప్పి చూపించేవాడు. 'గట్ల కొడ్తడు బిడ్డా. బాలు బయటకు పోవాలె, ఆయన లోపలికి తిప్పుతడు.'

మా తమ్ముడిది మరో భక్తి. బబుల్‌గమ్‌తో పాటు వచ్చే ఆటగాళ్ల బొమ్మలు. గమ్ము నమలడం వాడికి ముఖ్యం కాదు, బొమ్మే ముఖ్యం. బూట్ల డబ్బా నిండా పోగేశాడు. ఒక దీపావళికి ఇల్లు దులుపుతూ అమ్మ ఆ డబ్బాని పాత పేపర్లతో పాటు తూకానికి వేసేసింది. అదే తమ్ముడు ఇప్పుడు అమెరికాలో, డల్లాస్ దగ్గర ఉంటున్నాడు. అక్కడి పిల్లలు కూడా తరతరాలుగా గమ్ముతో వచ్చే బేస్‌బాల్ కార్డులు దాచుకున్నారట. అక్కడి అమ్మలు కూడా వాటిని చెత్తలో పారేశారట! అలా పారేయకుండా మిగిలిన ఒక కార్డు, మిక్కీ మాంటిల్ అనే ఆటగాడిది, 1952 నాటిది, 2022లో వేలంలో కోటీ ఇరవై ఆరు లక్షల డాలర్లు పలికింది. ఈ ముక్క ఫోన్లో చెప్పి 'చూసినవా అమ్మా!' అని తమ్ముడు నిష్ఠూరమాడితే, 'నువ్వు దాచింది ఆయన బొమ్మ గాదు గద' అని అమ్మ కొట్టిపారేసింది.

1998లో పెళ్లయి వికారాబాద్ వచ్చాను. ఇక్కడ లోకం వేరు. అత్తమ్మకి అక్కినేని, మామయ్యకి ఎన్టీఆర్, మావారికి చిరంజీవి. అన్నాల దగ్గర ముగ్గురూ మూడు పార్టీలు. అనంతగిరి గుట్ట మీద షూటింగ్ అని తెలిస్తే చాలు, మావారి స్నేహితులు ఉన్న పని వదిలేసి బండ్లు తీసేవారు. మొదట్లో నాకు నవ్వొచ్చేది. తర్వాత అర్థమైంది, ఇది కూడా మా నాయిన రేడియో లాంటిదేనని. పొద్దంతా పోట్లాడుకున్న మామయ్యా అత్తమ్మా రాత్రి టీవీలో 'గుండమ్మ కథ' వస్తే రాజీ పడేవారు. అందులో ఇద్దరి హీరోలూ ఉన్నారు మరి! 2014 జనవరి 22న అక్కినేని పోయినప్పుడు అత్తమ్మ ఆ రోజంతా టీవీ ముందు నుంచి లేవలేదు. ఆ మే నెలలో 'మనం' సినిమాకి తీసుకెళితే, తెర మీద ఆయన కనిపించగానే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సొంత అన్న పోయినా అంతే బాధ పడేదేమో.

ఇక అసలు సంగతి. 2000 ఏప్రిల్లో దక్షిణాఫ్రికా కెప్టెన్ హన్సీ క్రోనే వ్యవహారం బయటపడింది. దర్యాప్తు మన దాకా వచ్చింది. అజహర్ పేరు వినిపించింది. డిసెంబర్లో బోర్డు ఆయన్ని జీవితాంతం ఆడకుండా నిషేధించింది. అప్పటికి 99 టెస్టులు. మొదటి టెస్టులో సెంచరీ, ఆ మార్చిలో బెంగళూరులో ఆడిన చివరి టెస్టులోనూ సెంచరీ. వందో టెస్టు మాత్రం రాలేదు.

ఆ వారం తాండూరు వెళ్లాను. గోడ మీద బొమ్మ అలాగే ఉంది. రేడియో మాత్రం అటక మీదికి చేరింది. నాయిన ఎవర్నీ తిట్టలేదు, ఎవరితోనూ వాదించలేదు. యూనిట్లో ఎవరో 'మీ అజ్జూ గిట్ల చేసిండంట గద సేటూ' అని నవ్వితే, లెక్కల పుస్తకం మూసి ఇంటికి వచ్చేశాడని అమ్మ చెప్పింది. నాకు ఆరోజే అర్థమైంది, అభిమానంలో రెండో అర్థం ఎక్కడ దాక్కుని ఉంటుందో. పదిహేనేళ్లు ఒక మనిషి మీద పెట్టుకున్న ప్రేమ మెల్లగా మన గౌరవంలో కలిసిపోతుంది. అక్కడ దెబ్బ తగిలితే ఇక్కడ నొప్పి పుడుతుంది. ఆయన దోషా కాదా అన్నది బోర్డులూ కోర్టులూ తేల్చే సంగతి. కానీ ఎండలో సెల్లులు ఆరబెట్టి విన్న ఆ సాయంత్రాలకి తీర్పు ఎవరు చెబుతారు? అవి నిజమా, అబద్ధమా?

మూడు నెలలు మా ఇద్దరి మధ్య 'స్కోరెంత' అన్న మాట లేదు. ఫోన్ చేస్తే 'బాగున్నవా, అల్లుడు బాగున్నడా' అనేవాడు, పెట్టేసేవాడు.

2001 మార్చి 14. కలకత్తాలో ఆస్ట్రేలియాతో రెండో టెస్టు, నాలుగో రోజు. అంతకుముందు వరసగా 16 టెస్టులు గెలిచిన జట్టది. మనవాళ్లు 274 పరుగులు వెనకబడి ఫాలో ఆన్ ఆడుతున్నారు. ఆ రోజంతా లక్ష్మణ్, ద్రావిడ్ ఔట్ కాలేదు. పొద్దున మొదలుపెట్టినవాళ్లు సాయంత్రం దాకా ఇద్దరే. హైదరాబాద్ పిల్లవాడే మళ్లీ, మళ్లీ అదే మణికట్టు. నేను వంటింటికీ టీవీకీ మధ్య తిరుగుతున్నాను. మధ్యాహ్నం ఫోన్ మోగింది. అవతల పాలిషింగ్ మిషన్ల హోరు. దాని మీదుగా నాయిన గొంతు.

'బిడ్డా, లక్ష్మణ్ ఇంకా ఉన్నడా?'

'ఉన్నడు నాయినా.'

'స్కోరెంత?'

చెప్పాను. గొంతు సరిగ్గా రాలేదు. అటునుంచి కూడా కొంతసేపు మిషన్ల చప్పుడే. మర్నాడు లక్ష్మణ్ 281 దగ్గర ఔటయ్యాడు, ద్రావిడ్ 180. ఇద్దరూ కలిసి 376. హర్భజన్ తిప్పేశాడు, 171 పరుగులతో మనం గెలిచాం. ఆ సాయంత్రమే రేడియో అటక దిగిందని అమ్మ చెప్పింది.

2012 నవంబర్లో ఆ నిషేధం చెల్లదని మన హైకోర్టు తీర్పు ఇచ్చింది. నాయిన సంబరమేమీ పడలేదు. 'చేసిండో చెయ్యలేదో ఆయనకూ, పైనున్నోనికీ ఎరుక. గానీ ఆ చెయ్యి తిప్పుడు అబద్ధం గాదు బిడ్డా. నేను నా కండ్లతోని చూసిన' అన్నాడు. పన్నెండేళ్లు ఆలోచించి చెప్పిన మాట అది.

మొన్నామధ్య మా మేనల్లుడు వీడియో కాల్లో తాతకి బేస్‌బాల్ చెప్పబోయాడు. వాడు టెక్సాస్ రేంజర్స్ భక్తుడు. ఆ జట్టు 2011లో ఒకే ఒక్క బంతి దూరంలో, అదీ ఒకటి కాదు రెండుసార్లు, కప్పు చేజార్చుకుందట. మళ్లీ 2023లో గానీ గెలవలేదు. 'ఉప్పల్లో సచిన్ 175 కొట్టినా మూడు పరుగులతోటి ఓడినం, గట్లనే గద' అని తాత వెంటనే అందుకున్నాడు. తర్వాత వాడు షూలెస్ జో జాక్సన్ కథ చెప్పాడు. 1919లో డబ్బు తీసుకుని ఫైనల్స్ ఓడిపోయారని ఎనిమిదిమంది మీద కేసు. 1921లో కోర్టు నిర్దోషులంది. అయినా ఆట పెద్దలు జీవితకాలం వెలివేశారు. జాక్సన్ 1951లో పోయాడు. 2025 మేలో, చనిపోయినవాళ్ల మీద నిషేధం ఉండదని తేల్చి జాబితాలోంచి పేరు తీసేశారు. తాత అంతా విని, 'సచ్చినంక తీసేస్తే ఏం ఫాయిదా? ఆయన ఆట చూసినోళ్లు గుడ సచ్చిపోయే' అన్నాడు. మేనల్లుడికి జవాబు దొరకలేదు.

ఇంకో మాట కూడా చెప్పాలి. రెండో అర్థాన్ని మరిచిపోయిన అభిమానం మనుషుల్ని నలిపేస్తుంది. 2024 డిసెంబర్ 4 రాత్రి, మన హైదరాబాద్‌లోనే, సినిమా ప్రీమియర్ తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం పోయింది, ఆమె కొడుకు ఆస్పత్రి పాలయ్యాడు. ఆర్నెల్లకి బెంగళూరులో కప్పు సంబరాల దగ్గర 11 మంది పోయారు. ఆ వార్త విన్నప్పటి నుంచి మావారు మొదటిరోజు ఆటకి వెళ్లడం మానేశారు. 'సినిమా వారం తర్వాత కూడా ఉంటుంది' అంటారు. ముప్ఫై ఏళ్ల భక్తుడి నోట ఆ మాట రావడం చిన్న సంగతి కాదు.

2025 నవంబర్ 2 రాత్రి మా అమ్మాయి, నేను, నాయిన టీవీ ముందు కూర్చున్నాం. వానవల్ల ఆట ఆలస్యమై అర్ధరాత్రి దాకా సాగింది. మన ఆడపిల్లలు దక్షిణాఫ్రికా మీద 52 పరుగులతో గెలిచి మొదటిసారి ప్రపంచకప్పు ఎత్తారు. ఆ జట్టులో స్పిన్ వేసిన శ్రీచరణిది కడప జిల్లా. ఆ పిల్ల బంతి అందుకున్నప్పుడల్లా నాయిన కుర్చీలో ముందుకి జరిగాడు. చూపు తగ్గింది, టీవీ కింద అంకెలు కనిపించవు. ఓవరుకోసారి మనవరాల్ని అడుగుతూనే ఉన్నాడు, 'స్కోరెంత?' అని. అది విసుక్కోకుండా చెబుతూనే ఉంది.

పొద్దున్నే మా అమ్మాయి పాత పత్రికలోంచి కాదు, ఆ రోజు పేపర్లోంచే ఫొటో కత్తిరించింది. జిగురు కోసం వెతుకుతుంటే నాయిన అన్నాడు: 'అన్నం మెతుకులు పెట్టు బిడ్డా. గట్టిగ ఉంటది.'